ముడిసరుకూ, ముందుచూపూ: మన రెండు జిల్లాల కంపెనీల కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని సంపాదకవర్గం వారు కబురు చేసినప్పుడు ముందు తప్పించుకోజూశాను. బ్యాంకులో ముప్పై ఏడేళ్లు అప్పుల కాగితాలు రాసిన చెయ్యి ఇది, వ్యాసాలు రాసిన చెయ్యి కాదు. సరిగ్గా అదే వారం మా మనుమరాలు విశాఖపట్నం నుంచి వచ్చింది. ఎం.బి.ఏ. చదువుతోంది. చేతిలో ఒక ప్రశ్నావళి.

"తాతయ్యా, కంపెనీకి ఉన్న వనరులూ, దాని వ్యూహదృష్టీ వ్యాపార ఫలితాల మీద ఎలా పనిచేస్తాయన్నది నా ప్రాజెక్టు. నువ్వు ఎన్నో కంపెనీలకి అప్పులిచ్చావు కదా, ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వెయ్యి" అంది.

నలభై ప్రశ్నలున్నాయి. అన్నిటికీ మూడు వేసి ఇచ్చాను. "అన్నిటికీ మూడేమిటి తాతయ్యా!" అని నవ్వింది. అయిదు వేద్దామంటే ఒక మిల్లు గుర్తుకొచ్చి చెయ్యి ఆగింది, ఒకటి వేద్దామంటే ఇంకొకటి గుర్తుకొచ్చింది, ఏం చెయ్యమంటావన్నాను. ఆ గుర్తుకొచ్చినవే ఇక్కడ రాస్తున్నాను. మన సభ్యుల్లో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల శాఖల్లో పనిచేసినవారే. నేను మరిచినవి మీకు తెలిసే ఉంటాయి. పెద్దమనసుతో చదవగలరు.

రెండు మాటలకు అర్థం

ముందు ఆ రెండు పెద్ద మాటల సంగతి. వనరులంటే గనిలోని రాయి, చేనులోని నార, యంత్రం, డబ్బు ఇవే అని మన కాలంలో అనుకునేవాళ్లం. ఎడిత్ పెన్‌రోజ్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1959లో సంస్థల ఎదుగుదల మీద ఒక పుస్తకం రాసింది. వనరు దానంతట అది ఏమీ చెయ్యదు, దాని నుంచి ఎలాంటి సేవను రాబట్టుకుంటామన్నదే అసలు విషయం అని ఆమె చెప్పిన మాట సారాంశం. ఒకే నాగలి ఇద్దరు రైతుల చేతిలో రెండు రకాల పంట తీస్తుంది కదా, అలాగన్నమాట. ఆ తరువాత 1991లో జే బార్నీ అనే అమెరికా ఆచార్యుడు ఇంకొంచెం ముందుకు వెళ్లాడు. విలువైనదీ, అరుదైనదీ, పక్కవాడు సులువుగా అనుకరించలేనిదీ, మారుగా మరొకటి దొరకనిదీ అయిన వనరే కంపెనీని నిలబెడుతుందన్నాడు.

ఇక వ్యూహదృష్టి. 1978లో మైల్స్, స్నో అనే ఇద్దరు పండితులు కంపెనీలను నాలుగు రకాలుగా విడదీశారు. కొత్త చోట్ల వెతుక్కుంటూ వెళ్లేవి ఒక రకం. ఉన్న కోటను కాపాడుకునేవి రెండో రకం. పక్కవాణ్ణి గమనించి ఆచితూచి అడుగేసేవి మూడో రకం. దెబ్బ తగిలాక గాని కదలనివి నాలుగో రకం. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన ఊళ్ల షావుకార్లను చూసి రాశారా అనిపించింది.

గరివిడి రాయి

మన ప్రాంతంలో పెద్ద కంపెనీల కథ మాంగనీసుతో మొదలవుతుంది. భారతదేశంలో మాంగనీసు ఖనిజం తవ్వకం మొట్టమొదట ప్రారంభమైంది మన దగ్గరే, 1892లో. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, విజయనగరం జిల్లా లేదు, ఆ గనుల ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. విజయనగరం మైనింగ్ కంపెనీ గర్భాం, కోడూరు, పేరాపి వంటి చోట్ల గనులు తెరిచింది. తొలి ఏడు తీసిన ఖనిజం 674 టన్నులు. 1900 నాటికి ఉత్పత్తి తొంభై రెండు వేల టన్నులకు చేరింది. భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ 1909లో దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. మన కోడూరు పేరు మీదే ఒక రకం శిలకు 'కోడురైట్' అని పేరు పెట్టారు. ఈ సంగతి మా మనుమరాలికి చెబితే నమ్మలేదు. కోడూరు అంటే ఆమెకు బస్సు కూడా సరిగా ఆగని ఊరు.

ఆ కాలంలో ఆ కంపెనీ చేసిన పని తవ్వడం, పంపడం. రాయి ఇక్కడిది, ఉక్కు అయ్యేది సముద్రం అవతల. విశాఖలో ఓడరేవు 1933లో గాని తెరవలేదు కాబట్టి అంతవరకు సరుకును పడవల మీద సముద్రంలో నిలిచిన ఓడలకు చేరవెయ్యాల్సి వచ్చేది. 1900 ప్రాంతంలో మధ్యపరగణాలలో ఇంతకంటె మేలైన ఖనిజం బయటపడింది. చాలా ఏళ్లకు విజయనగరం-రాయపూరు రైలుమార్గం, ఆ వెంటనే రేవు పూర్తయ్యేసరికి ఆ మేలైన ఖనిజం కూడా మన ముంగిట నుంచే ఓడలెక్కడం మొదలుపెట్టింది. మన రాయికి ఉన్న ఒకే ఒక గొప్ప, అది సముద్రానికి దగ్గరగా ఉండడం. రైలు వచ్చి ఆ గొప్పను సగం మింగేసింది. పంటను కళ్లంలోనే అమ్ముకున్న రైతుకు ధర తన చేతిలో ఉండదు. తవ్వి అమ్మడమే వ్యాపారమైన కంపెనీ గతీ అంతే.

మాచ్‌ఖండ్ కరెంటు

తరువాతి అధ్యాయం 1955లో మొదలైంది. ఆ ఏడే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం పని ప్రారంభించింది. దాని మొత్తం సామర్థ్యం 114.75 మెగావాట్లు. అదే సంవత్సరం సరాఫ్, మోర్ కుటుంబాల వారు ఫెర్రో ఎల్లాయ్స్ కార్పొరేషన్‌ను స్థాపించారు. మనందరికీ అది 'ఫేకర్'. గరివిడి దగ్గర శ్రీరామనగర్‌లో కర్మాగారం లేచింది.

వాళ్లు చూసింది ఏమిటి? రాయి అరవై ఏళ్లుగా అక్కడే ఉంది. రైలుమార్గం ఉంది. రేవు ఉంది. కొత్తగా వచ్చింది కరెంటు. ఒక టన్ను ఫెర్రోమాంగనీసు తయారు చెయ్యాలంటే రెండున్నర వేల నుంచి మూడు వేల యూనిట్ల దాకా కరెంటు కావాలి. నెలకు వంద యూనిట్లు వాడే మన పింఛనుదారు ఇంటికి అది రెండు నుంచి రెండున్నరేళ్ల వాడకం! కొండల మీద జలపాతం నుంచి పుట్టిన చవక కరెంటును, కొండ కింద ఉన్న నల్లరాయిని కలిపి చూసిన కన్ను అది. విడివిడిగా ఈ రెండూ అందరికీ కనిపించినవే.

మా మేనమామ ఆ కొలిమి దగ్గర పనిచేశాడు. చిన్నప్పుడు రాత్రి పాసింజరులో వెళుతూ గరివిడి దగ్గర కిటికీలోంచి చూస్తే ఆకాశం ఎర్రగా కనిపించేది. "అదుగో, మామయ్య అన్నం వండుతున్నాడు" అనేది మా అమ్మ. నిజమే, ఆ మంటే ఎన్నో ఇళ్లలో అన్నమైంది. కాలనీ, బడి, ఆస్పత్రి, సంత అన్నీ దాని చుట్టూ పెరిగాయి.

కంపెనీ మాంగనీసు దగ్గరే ఆగిపోలేదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు క్రోమియం కావాలి. క్రోమ్ ఖనిజం ఒరిస్సాలో ఉంది. అక్కడ గనులు సంపాదించారు. 1980లలో భద్రక్ దగ్గర మరో కర్మాగారం కట్టారు. మైల్స్, స్నోల లెక్కలో మొదటి రకం నడక అది.

అయితే ఫెర్రో ఎల్లాయ్స్ వ్యాపారంలో కరెంటు సొంత వనరు కాదు, అద్దెది. 1955 నాటి జలవిద్యుత్తు ధర ఎల్లకాలం ఉండదు. బొగ్గు కరెంటు వాటా పెరిగింది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు విడిపోయి వేర్వేరు సంస్థలయ్యాయి. ధరలు మారుతూ వచ్చాయి. ఒకప్పుడు ఏ కరెంటు మూలంగా కర్మాగారం గరివిడిలో పుట్టిందో, ఆ కరెంటు బిల్లే తరువాత దానికి గుదిబండ అయింది. కొలిమిలు ఆగడం, మళ్లీ వెలగడం ఆ ప్రాంతం వారికి అలవాటైపోయింది. 2004 ప్రాంతంలో కంపెనీని విడదీశారు. గరివిడి యూనిట్ ఒక పేరు కిందికి, ఒరిస్సా క్రోమ్ మరో పేరు కిందికి వెళ్లాయి. ఆ ఒరిస్సా భాగం దివాలా ప్రక్రియలోకి వెళ్లి 2020లో వేదాంత చేతికి చేరింది.

ముందుచూపు లేదని ఎవరూ అనలేరు. ఉన్నా, ఒక తరం ముందుచూపు తరువాతి తరానికి సరిపోలేదు. ఇక్కడే నా చెయ్యి అయిదు మీద ఆగిపోయింది.

గోగునార

ఇక నార సంగతి. మన రెండు జిల్లాల్లో పుట్టిన వారికి గోగు చేను గురించి చెప్పనక్కర్లేదు. తొలకరికి జల్లి, వానలు వెనకపట్టాక కోసి, కట్టలు కట్టి గెడ్డలోనో చెరువులోనో ఊరబెడితే ఆ వాసన మైలు దూరం కొట్టేది. మొలలోతు నీటిలో నిలబడి నార తీసిన వాళ్ల కాళ్లు నెలల తరబడి పాచిపోయి ఉండేవి. ఆ నారకు ప్రపంచ మార్కెట్లో 'బిమ్లీ జూట్' అని పేరు. అంటే మన భీమునిపట్నం పేరు. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు ఆ నార మీదే బతికాయి. 1947లో దేశం రెండయ్యాక అసలు జనపనార పండే నేల చాలావరకు తూర్పు పాకిస్తాన్‌లో ఉండిపోయింది. బెంగాల్ మిల్లులు నార కోసం అల్లాడాయి. అప్పుడు మన గోగుకు గిరాకీ వచ్చింది. ఆమదాలవలస పరిశోధనా స్థానంలో గోగు రకాల మీద ఏళ్ల తరబడి పని జరిగింది.

ముడిసరుకు ముంగిట్లో, నీళ్లు పక్కనే, కూలీలు ఊరంతా. ఇంతకంటె ఏం కావాలి? నేనూ అలాగే అనుకున్నాను. ఆ మాట తరువాత చెబుతాను.

ప్లాస్టిక్ సంచి వచ్చాక కథ మారింది. సిమెంటు, ఎరువులు ఒక్కొక్కటే గోనెను విడిచిపెట్టాయి. మిల్లులనూ రైతులనూ ఆదుకోవడానికి 1987లో కేంద్రం చట్టం తెచ్చింది. తిండిగింజలూ చక్కెరా తప్పనిసరిగా గోనెసంచుల్లోనే నింపాలన్నది దాని సారం. మంచి చట్టమే. లక్షలాది కుటుంబాలకు అన్నం పెట్టింది. కాని ఒకే సరుకు, ఒకే పెద్ద కొనుగోలుదారు, అది ప్రభుత్వం. అలాంటి చోట కొత్త సరుకు ఆలోచించవలసిన అవసరం చాలా మిల్లులకు కనిపించలేదు. కోట గోడ ప్రభుత్వం కట్టింది, లోపలివారు నిశ్చింతగా ఉన్నారు. ఈలోగా బంగ్లాదేశ్ సంచులు చవగ్గా వచ్చిపడ్డాయి. వాటి మీద మన ప్రభుత్వం 2017 జనవరిలో సుంకం వెయ్యవలసి వచ్చింది. మన రైతు కూడా గోగు విడిచి మొక్కజొన్న వైపు తిరిగాడు. ముంగిట్లో ముడిసరుకు అనుకున్నది పోయి, మిల్లులకు బెంగాల్ నుంచి నార దిగుమతి చేసుకునే రోజులు వచ్చాయి.

ఆ ఒడిదొడుకుల బరువు ఎవరి మీద పడిందో మనకు తెలుసు. 1994 జనవరి 29న నెల్లిమర్లలో పోలీసు కాల్పుల్లో అయిదుగురు జూట్ కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తేదీ ఇప్పటికీ ఆ ఊరికి సంవత్సరీకమే. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. వ్యాపార ఫలితాలు అని ప్రశ్నావళిలో రెండు మాటల్లో ఉన్నదానికి ఇవతలి పక్క ఇంత ఉంది.

రాజాం నుంచి బయల్దేరినవాడు

అదే గోగు, అదే గాలి, అదే నీరు. 1978లో రాజాంలో గ్రంధి మల్లికార్జునరావు గారు జనపనార మిల్లుతో వ్యాపారంలో అడుగుపెట్టారు. రాజాం అప్పుడు శ్రీకాకుళం జిల్లా. 2022 పునర్విభజనలో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఆయన నారతో ఆగలేదు. ఫెర్రో ఎల్లాయ్స్, చక్కెర, వైశ్యా బ్యాంకులో వాటా, విద్యుత్ కేంద్రాలు, ఆపైన విమానాశ్రయాలు. ఢిల్లీ విమానాశ్రయం 2006లో వారి నిర్వహణలోకి వెళ్లింది, శంషాబాద్ 2008లో తెరిచారు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయం నిర్మాణం చేపట్టింది కూడా ఆ సంస్థే. గోగు కట్టలు ఊరబెట్టిన గెడ్డలకు అది ఎంతో దూరం లేదు.

దీన్ని చూసి మనవాళ్లు "అదృష్టం" అంటారు. నేను అప్పుల కాగితాలు చూసినవాణ్ణి కనుక వేరేగా చూస్తాను. ఆ సంస్థ అసలు వనరు నార కాదు. అప్పు తేగలగడం, పెద్ద పనులకు మనుషులను కూడగట్టగలగడం, సమయం వచ్చినప్పుడు ఉన్న వ్యాపారాన్ని అమ్మి బయటపడగలగడం. బ్యాంకు వాటాను వదిలారు. రాజాం దగ్గర సంకిలి చక్కెర కర్మాగారాన్ని పెంచి, 2010 ప్రాంతంలో ప్యారీ కంపెనీకి ఇచ్చేశారు. మనలో చాలామంది తాతగారి పెరటి చెట్టునే నరకలేం. వ్యాపారాన్ని వదలడం కూడా ఒక విద్యే.

అలాగని అది నిప్పులేని పొయ్యి కాదు. పెద్ద అడుగులకు పెద్ద అప్పులు. 2010 తరువాత ఆ గ్రూపు రుణభారం గురించి పత్రికలు ఎన్నిసార్లు రాశాయో మీరు చదివే ఉంటారు. మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయం ఒప్పందాన్ని అక్కడి ప్రభుత్వం 2012లో రద్దు చేసింది. మధ్యవర్తిత్వంలో గెలిచి పరిహారం రాబట్టుకున్నా, వెతుక్కుంటూ వెళ్లేవాడికి దారిలో ముళ్లు తప్పవని అది చెబుతుంది.

చక్కెర విషయంలోనూ ఇదే పోలిక కనబడుతుంది. ఆమదాలవలస సహకార కర్మాగారం మూతపడింది. భీమసింగి కూడా ఆగిపోయింది. అదే చెరకు నేలలో సంకిలి మాత్రం పిప్పితో కరెంటు, మొలాసిస్‌తో స్పిరిట్ తీస్తూ నిలబడింది. సహకార కర్మాగారాల్లో రైతే యజమాని. అది గొప్ప ఆశయం. కాని చక్కెర ధర ఒక్కదాని మీదే ఆధారపడితే ఆశయాన్ని కూడా బస్తాల్లో నింపి అమ్ముకోవాల్సి వస్తుంది.

నేను చేసిన రెండు తప్పులు

ఇప్పుడు దాచిన మాట. 1971లో గుమస్తాగా చేరిన నేను 1984 నాటికి ఫీల్డ్ ఆఫీసరునయ్యాను. మన జిల్లాల్లోని ఒక పల్లెలో ఒకాయన పురికొస మిల్లు పెడతానని అప్పు కోసం వచ్చాడు. వెళ్లి చూశాను. మూడు పక్కలా గోగు చేలు. గెడ్డ పక్కనే రోడ్డు. నా నివేదికలో ముడిసరుకు గురించి అయిదు పేజీలు రాశాను. సరుకు ఎవరు కొంటారన్న దానికి నాలుగు వరుసలు. "స్థానిక వర్తకులు" అని రాసి సరిపెట్టాను. అప్పు మంజూరైంది. నన్ను మెచ్చుకున్నారు కూడా.

ప్లాస్టిక్ దారం ఊరూరా వచ్చిపడింది. వర్తకులు అటు తిరిగారు. నాలుగేళ్లు తిరగకుండా మిల్లు ఆగింది. యాభై మందికి పైగా పనిచేసేవారు. 1988లో యంత్రాలను జప్తు చెయ్యడానికి వెళ్లింది కూడా నేనే. జాబితా రాస్తున్నాను. ఆయన నా వెనకే నిలబడి చూస్తున్నాడు. చివర సంతకం పెట్టబోతూ, "మూలన మూడో మోటారు ఉన్నాది, అది రాయనేదు బాబూ" అన్నాడు. తన సొత్తు తానే లెక్క చెప్పి అప్పగించిన మనిషి. ఆయన లెక్క తప్పలేదు. తప్పిన లెక్క నాది. ఆ అయిదు పేజీలు రాసిన పెన్నుతోనే ఆ మూడో మోటారునూ రాశాను.

రెండోది 2001లో. పలాస వైపు జీడిపప్పు పరిశ్రమ నడిపే ఒక యువకుడు, ఆఫ్రికా పిక్కలు తెప్పించుకోవడానికి పెట్టుబడి అప్పు కావాలన్నాడు. ఉద్దానమంతా జీడితోటలు. పురికొస మిల్లు గుర్తుండి కూడా నాకు బుద్ధి రాలేదు. "పెరట్లో పిక్క పెట్టుకుని సముద్రం అవతల నుంచి తెస్తావా?" అన్నాను. దానికతను, "మన పిక్క నాలుగు నెలలు సార్. నాకు పన్నెండు నెలలూ ఉండాల. పని ఆగిపోతే పిక్క కొట్టే ఆడోళ్లు వేరే పనికి పోతారు. మళ్లీ అలాంటి చెయ్యి దొరకదు" అన్నాడు. నేను వ్యతిరేకంగా రాశాను. అతనికి వేరే చోట అప్పు దొరికింది.

కొల్లం వర్తకులు ఎన్నో దశాబ్దాలుగా తూర్పు ఆఫ్రికా పిక్కలు తెప్పించుకుని బతుకుతున్నారన్న సంగతి నేను అప్పటికి పట్టించుకోలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. మరుసటి ఏడు ఒక పెళ్లికి వెళ్లి అతని ఆవరణ ముందు నుంచి నడిచాను. లోపల ఆడవాళ్లు పిక్కలు కొడుతున్న చప్పుడు వినిపించింది. లోపలికి వెళ్లి పలకరించడానికి మొహం చెల్లలేదు.

అతను తన వనరు ఏదో సరిగ్గా గుర్తించాడు. పిక్క కొనుక్కోవచ్చు, చేతి నేర్పు కొనుక్కోలేం. పెన్‌రోజ్, బార్నీ పుస్తకాల్లో ఉన్నది అతను నా బల్ల ముందు నిలబడి రెండు వాక్యాల్లో చెప్పాడు. వినవలసినవాడు వినలేదు.

పొందూరు అడిగే ప్రశ్న

ఇంత చెప్పాక మా మనుమరాలు ఒక తీర్పు ఇచ్చేసింది. "అయితే తాతయ్యా, వనరుల కన్నా దృష్టే ముఖ్యం." అంత తొందరపడకమ్మా అని పొందూరు తీసుకెళ్లాను.

పొందూరు ఖద్దరు గురించి మీకు చెప్పేదేముంది! వలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, చేత్తో వడికి, నూరో నంబరు సన్ననూలు తీసే ఆడవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. బార్నీ చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి. విలువైనది, అరుదైనది, ఏ యంత్రమూ అచ్చంగా అనుకరించలేనిది. దేశమంతా పేరుంది. అయినా వడికే మనిషికి రోజు చివర దక్కేది స్వల్పం. ఆ పని తన కూతురికి నేర్పాలని అనుకోని తల్లులే ఎక్కువ. వనరు అరుదైనంత మాత్రాన దాని విలువ దాన్ని పట్టుకున్న చేతికే చేరుతుందన్న హామీ లేదు. మరోపక్క, లాభాల లెక్క చూసే ఏ కంపెనీ అయినా ఈ పనిని ఏనాడో వదిలి ఉండేది. వదలని సంఘం ఉండబట్టే ఆ విద్య నేటికీ బతికి ఉంది. మరి ఇక్కడ ఫలితం అంటే ఏమిటి? దేన్ని కొలవాలి?

మా మనుమరాలు ఒక ముసలమ్మ పక్కన కూర్చుని చాలాసేపు రాట్నం చూసింది. తిరిగి వస్తూ బస్సులో, ప్రశ్నావళికి ఇంకో ప్రశ్న చేరుస్తానంది. "ఈ ఫలితం ఎవరికి దక్కింది?" అని. అలా చేరిస్తే మార్కులు తగ్గుతాయేమో చూసుకో అన్నాను. తగ్గితే తగ్గనీ అంది.

చివరి మాట

మిత్రులారా, మనం నెల మొదటి తారీఖున పింఛను తీసుకుంటున్నాం. మన పని మంచిచెడ్డలు ఎలా ఉన్నా ఆ పింఛను వస్తుంది. పురికొస మిల్లులో పనిచేసినవారికి అది లేదు. కంపెనీ ఆలోచన తప్పితే మొదట జరిమానా కట్టేది ఆలోచన చేసినవాడు కాదు, ఆ ఆలోచనకు అప్పిచ్చినవాడూ కాదు. నా మటుకు నేను ఇది ఆలస్యంగా తెలుసుకున్నాను.

మన పిల్లలు, మనుమలు నేడు వ్యాపారాల్లో దిగుతున్నారు. కొందరు మన పదవీ విరమణ సొమ్ము కూడా అడుగుతున్నారు. ఇవ్వవద్దని నేను చెప్పను. ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. నీ దగ్గర ఉన్నది ఏమిటి అన్నది అందరూ అడిగేదే. అందులో నీ సొంతం ఎంత, ఎవరి దయ మీద ఆధారపడింది ఎంత అన్నది రెండోది. గరివిడి కొలిమిని గుర్తుపెట్టుకుని అడగండి. నీ సరుకు కొనేవాడు రేపు మొహం తిప్పుకుంటే నువ్వు ఏం చేస్తావన్నది మూడోది. ఈ మూడోది నేను 1984లో అడిగి ఉంటే, నా నివేదికలో ఆ నాలుగు వరుసలు నాలుగు పేజీలయ్యేవి.

మొన్న విజయనగరం వెళుతూ పగటి పాసింజరులో గరివిడి దాటాను. పగలు కదా, ఆకాశం ఎర్రగా ఉందో లేదో తెలియలేదు. పక్కన కూర్చున్న కుర్రవాడు ఫోనులో భోగాపురం విమానాశ్రయం బొమ్మలు చూస్తున్నాడు. నేను కిటికీలోంచి ఆ నల్లరాయి గుట్టలు కనిపించినంత దూరం చూస్తూ కూర్చున్నాను.